మాట తెగకుండా అతకడం: పోయిన వాయిస్ ప్యాకెట్లను కప్పిపుచ్చే పని, అడుగడుగునా

బెంగళూరు మారతహళ్ళి పీజీ గదిలో కూర్చుని నెల్లూరులోని అమ్మతో మాట్లాడే అబ్బాయికి "అరవై వేలు" అన్న మాట "రవై వేలు"గా వినబడితే, అది అరవయ్యో ఇరవయ్యో తేలదు. మాటను మోసే చిన్న చిన్న డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, రెండు మూడు వరుసగా పోయాయి, అంతే. ఒకే వైఫై మీద నలభై మంది ఉన్నచోట ఇది రోజూ జరిగేదే.

పోయినచోట ఏం పెట్టాలి, ఎలా అతకాలి అన్నది వాయిస్ యాప్‌లు రాసేవాళ్ళు పదేపదే అడుగుతున్న ప్రశ్న. ఈ పనిని ప్యాకెట్ లాస్ కన్సీల్‌మెంట్ అంటారు, వాడుకలో పీఎల్‌సీ. ముందే ఒక మాట: ఖాళీలో ఏం నింపామన్నదానికంటే, నష్టాన్ని సరిగ్గా గుర్తించామా, రెండు అంచులనూ సరిగ్గా కలిపామా అన్నదే చెవికి ఎక్కువ తెలుస్తుంది. చాలామంది నింపడం మీదే నెల రోజులు పెట్టి, అతుకులను చివరి రోజుకు వదిలేస్తారు. ఇక్కడ ఆ వరుసను తిరగేస్తున్నాం.

మాటను బైట్లుగా మార్చి, తిరిగి విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. ముందు వాటిలో సరళమైన జీ.711 మీద చేతితో రాసి చూద్దాం. అది అర్థమైతే జీ.729, ఏఎంఆర్, ఓపస్ అనే మిగతా కోడెక్‌లలో లోపల జరిగేది కూడా తెలుస్తుంది.

1. కోడ్ రాయకముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పరీక్ష సరంజామా ముందు ఉండాలి. లేకపోతే ఏ మార్పుతో మెరుగైందో, ఏ మార్పుతో పాడైందో చివరిదాకా తెలియదు.

- రికార్డింగులు: 8000 హెర్ట్జ్ (సెకనుకు 8000 శాంపిళ్ళు, అంటే ధ్వని కొలతలు), 16 బిట్, మోనో. కనీసం ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చిన్నపిల్ల గొంతు. ఒక్కొక్కరివి 2 నిమిషాలు, వాళ్ళ అనుమతితో.
- ప్రతి రికార్డింగు రెండుసార్లు: ఫ్యాన్ ఆపి ఒకసారి, ఫ్యాన్ తిరుగుతుండగా ఒకసారి. వెనక శబ్దం ఉన్నప్పుడే కొన్ని తప్పులు బయటపడతాయి.
- లాస్ ఫైలు: ఒక్కో ఫ్రేమ్ (కోడెక్ ఒకసారికి తీసుకునే చిన్న ధ్వని ముక్క) వచ్చిందా, పోయిందా అని చెప్పే 0 లేదా 1. ప్రతిసారీ కొత్తగా యాదృచ్ఛిక సంఖ్యలు తీయకండి. అదే ఫైలు మళ్ళీ మళ్ళీ వాడితేనే రెండు వెర్షన్లను పోల్చగలరు.
- వైరు ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌సెట్‌లోనూ సొంత పీఎల్‌సీ ఉండొచ్చు, అప్పుడు మీ తప్పు ఎక్కడిదో తెలియదు.
- తరంగరూపం చూడటానికి ఆడాసిటీ, ప్యాకెట్లు చూడటానికి వైర్‌షార్క్.
- విడిగా ఒక పాత రౌటర్. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వాడినది దొరుకుతుంది. ఇంటి రౌటర్ మీద లాస్ పెడితే ఇంట్లోవాళ్ళ పనులు ఆగిపోతాయి.

రికార్డింగులో చదివించే మాటలను తెలుగు నుంచే ఏరుకోండి. ఇంగ్లిష్ వాక్యాల మీద పాసైన పీఎల్‌సీ తెలుగు మీద తడబడే చోట్లు రెండున్నాయి.

ఒకటి, హ్రస్వ దీర్ఘాల తేడా: కలం–కాలం, వడ–వాడ, పలక–పాలక. ప్యాకెట్ పోయిన చోట పీఎల్‌సీ అచ్చును సాగదీస్తుంది. ఆ పక్కన అసలు అచ్చు ఎక్కడ ఆగిందో దానికి తెలియదు, కాబట్టి కలం కాలంలా వినబడే ప్రమాదం ఉంది.

రెండు, ద్విత్వం: గుడి–గుడ్డి, గడి–గడ్డి. ద్విత్వంలో నాలుక అంటుకుని ఉన్నంతసేపూ శబ్దం దాదాపు ఉండదు. ఆ నిశ్శబ్దం కూడా మాటలో భాగమే. ముందున్న అచ్చును దాంట్లోకి సాగదీస్తే ఒత్తు పలచబడిపోతుంది.

వీటికి అంకెలను కలపండి: అరవై–ఇరవై, ఏడు–మూడు, ఆరు–నూరు. ఫోన్లో జనం ఎక్కువగా మళ్ళీ అడిగేది అంకెలే.

2. నష్టాన్ని గుర్తించడం

ప్యాకెట్ రాలేదని ఎవరూ వచ్చి చెప్పరు. సౌండ్ కార్డు శాంపిళ్ళు అడిగిన క్షణంలో చేతిలో లేకపోతే, అదే నష్టం. అందుకే పీఎల్‌సీని నడిపించేది ప్లేఔట్ గడియారం, అంటే సౌండ్ కార్డు శాంపిళ్ళు అడిగే లయ, కావాలి. "తర్వాతి ప్యాకెట్ వచ్చాక మధ్యలో ఎన్ని పోయాయో లెక్కపెట్టి నింపుదాం" అన్న డిజైన్‌లో, వరుస నష్టం వచ్చిన ప్రతిసారీ స్పీకర్ మూగబోతుంది.

2.1 సీక్వెన్స్ నంబర్

ఇంటర్నెట్ మీద మాటను మోసే ప్రోటోకాల్ ఆర్‌టీపీ. దాన్ని నిర్వచించే 2003 నాటి ప్రామాణిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3550 ప్రకారం, ప్యాకెట్ల వరుస చెప్పే సీక్వెన్స్ నంబర్ 16 బిట్లు. 65535 తర్వాత 0 వస్తుంది. రెండు నంబర్లను నేరుగా పెద్దది, చిన్నది అని పోల్చకండి. 16 బిట్ల అన్‌సైన్డ్‌గా తీసివేసి, ఫలితాన్ని 16 బిట్ల సైన్డ్‌గా చదవండి.

ఉదాహరణకు 65534 తర్వాత 1 వచ్చిందనుకోండి. తేడా 3, అంటే 65535, 0 అనే రెండు ప్యాకెట్లు లేవు. తేడా రుణాత్మకమైతే ఆలస్యంగా వచ్చిన పాతది. సున్నా అయితే రెండోసారి వచ్చినదే.

2.2 టైమ్‌స్టాంప్

సీక్వెన్స్ నంబర్ ఒక్కటే చూస్తే చాలదు, ప్యాకెట్‌లోని ధ్వని ఏ సమయానిదో చెప్పే టైమ్‌స్టాంప్ కూడా చూడాలి. అవతలివాళ్ళు మౌనంగా ఉన్నప్పుడు కొన్ని కోడెక్‌లు ప్యాకెట్లు పంపడం ఆపేస్తాయి. అప్పుడు సీక్వెన్స్ వరుసగానే ఉంటుంది, టైమ్‌స్టాంప్ మాత్రం గెంతుతుంది. అది నష్టం కాదు. అక్కడ పీఎల్‌సీ నడిపితే మాట ముగిసిన చోట "ఆఁ..." అని తోక మొలుస్తుంది. ఆ ఖాళీలో కంఫర్ట్ నాయిస్ (లైను బతికే ఉందనిపించే సన్నని వెనక శబ్దం) ఇవ్వాలి.

20 మిల్లీసెకండ్ల (ఇకపై మి.సె.) ప్యాకెట్‌కు టైమ్‌స్టాంప్ ఎంత పెరగాలో రాసిపెట్టుకోండి:

- జీ.711: 160
- జీ.722: 160. శాంపిళ్ళు 320 ఉన్నా, ఆర్‌టీపీ గడియారం 8000 మీదే నడుస్తుంది. పాత పొరపాటును పొత్తు కుదరడం కోసం అలాగే ఉంచేశారు.
- ఓపస్: 960. లోపల ఏ రేటు వాడినా గడియారం ఎప్పుడూ 48000.

జీ.722 దగ్గర 320 అనుకుని రాసిన కోడ్‌కు అన్ని లెక్కలూ సగానికి సగం తప్పుతాయి.

2.3 జిట్టర్ బఫర్‌ను ముందు సరిచూడండి

ముందూ వెనకా వచ్చే ప్యాకెట్లను కాసేపు ఆపి వరుసలో అందించేది జిట్టర్ బఫర్. అది ఆగేంత సేపటిలో రాని, ఆలస్యమైన ప్యాకెట్ కూడా పోయినట్టే. అందుకని రెండు లెక్కలు వేరుగా పెట్టండి: అసలు రానివి ఎన్ని, వచ్చినా ఆలస్యమై పారేసినవి ఎన్ని. రెండోది ఎక్కువగా ఉంటే పీఎల్‌సీ జోలికి పోకండి, బఫర్ లోతు పెంచండి. 20 మి.సె. ప్యాకెట్లకు 60 మి.సె.తో మొదలుపెట్టి, ఆర్‌ఎఫ్‌సీ 3550లో చెప్పిన జిట్టర్ లెక్కతో (కొత్త తేడాలో పదహారో వంతును ప్రతిసారీ కలుపుకుంటూ పోవడం) సర్దండి. ఇష్టమొచ్చినంత పెంచడానికీ వీల్లేదు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జీ.114 ప్రకారం ఒకవైపు మొత్తం ఆలస్యం 150 మి.సె. లోపు ఉంటేనే చాలా సంభాషణలు ఇబ్బంది లేకుండా సాగుతాయి.

3. సున్నాలు పెడితే పోయేదేమిటి

ముందు ఏమీ కప్పకుండా, ఖాళీలో సున్నాలు పెట్టి ఒకసారి వినండి. ఇది మీ కొలబద్ద.

తేడా ఎంతో అంకెల్లో కావాలంటే, కాల్ నాణ్యతకు 100కు మార్కులు వేసే ఐటీయూ ఈ-మోడల్ ఉంది. జీ.711కు నష్టాన్ని తట్టుకునే గుణకం పీఎల్‌సీ లేకుండా 4.3, పీఎల్‌సీతో 25.1. యాదృచ్ఛికంగా 2 శాతం ప్యాకెట్లు పోతే నాణ్యతలో కోత ఇలా వస్తుంది: 95ను 2తో గుణించి, 2కు ఆ గుణకాన్ని కలిపిన మొత్తంతో భాగించాలి. పీఎల్‌సీ లేకుండా సుమారు 30 మార్కులు పోతాయి, ఉంటే 7. మొదలు 93.2 దగ్గర కాబట్టి ఒకటి 63కు పడుతుంది, ఇంకొకటి 86 దగ్గర నిలుస్తుంది.

ఇక్కడే పడే ఒక గొయ్యి: జీ.711లో ఒక్కో శాంపిల్‌ను ఒక బైటుగా కుదించే పద్ధతులు ఏ-లా, మ్యూ-లా అని రెండు. మన దేశంలో ల్యాండ్‌లైన్ వైపు వాడేది ఏ-లా. ఏ-లా బైట్ల మీద సున్నా రాస్తే అది నిశ్శబ్దం కాదు. బైటు 0 విప్పితే మైనస్ 5504 వస్తుంది. మ్యూ-లాలో అయితే ఏకంగా మైనస్ 32124. ఏ-లా నిశ్శబ్దం 213, మ్యూ-లాకు 255. "సున్నాలు పెట్టినా ధన్ ధన్ అంటోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. పీఎల్‌సీ పని మొత్తం 16 బిట్ల లీనియర్ శాంపిళ్ళ మీదే చేయండి.

4. జీ.711కు పీఎల్‌సీ రాయడం

1999లో ఐటీయూ ప్రచురించిన జీ.711 అపెండిక్స్ 1 పద్ధతి ఇది. ఫ్రేమ్ 10 మి.సె., అంటే 80 శాంపిళ్ళు. మీ ప్యాకెట్ 20 మి.సె. అయితే ప్యాకెట్‌కు రెండుసార్లు పిలవాలి.

దీని ఆలోచన చిన్నది. అచ్చు పలికేటప్పుడు స్వరతంత్రులు ఒకే ఆకారాన్ని మళ్ళీ మళ్ళీ పుట్టిస్తాయి. ఆ ఒక్క ఆవృత్తిని పట్టుకుని ఖాళీలో తిరిగి పరిస్తే చెవి నమ్ముతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి మాట చివర్లో ఇది బాగా కుదురుతుంది. మాట మొదట్లో పోతే మాత్రం వెనక్కి చూసి చేసేదేమీ ఉండదు.

4.1 చరిత్ర బఫర్

చివరి 390 శాంపిళ్ళను ఎప్పుడూ దాచి ఉంచండి. ఈ అంకె ఎక్కడిదంటే: అతి పెద్ద పిచ్ ఆవృత్తి 120 శాంపిళ్ళు, అలాంటివి మూడు, అతుకు కోసం ఇంకో 30. నష్టం లేనప్పుడు కూడా ప్రతి ఫ్రేమ్‌నూ దీంట్లోకి ఎక్కించాలి. పీఎల్‌సీ తయారుచేసిన శాంపిళ్ళు కూడా ఎక్కాలి. ఇది మరిచిపోతే, రెండో నష్టం వచ్చినప్పుడు మాట అంతకుముందు చోటికి ఎగురుతుంది.

4.2 30 శాంపిళ్ళ ఆలస్యం

అవుట్‌పుట్‌ను ఎప్పుడూ 30 శాంపిళ్ళు, అంటే 3.75 మి.సె. వెనక నడపండి. నష్టం ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. తెలిసేసరికి ఇంకా వినిపించని కొద్దిపాటి అసలు ధ్వని చేతిలో ఉండాలి, దాంతోనే మొదటి అతుకు వేస్తాం. "3.75 మి.సె. కదా, తీసేద్దాం" అని దీన్ని ఎత్తేసినవాళ్ళకు ప్రతి నష్టం మొదట్లోనూ టిక్ మంటుంది.

4.3 పిచ్ వెతకడం

1. చివరి 160 శాంపిళ్ళను (20 మి.సె.) ఒక కిటికీగా తీసుకోండి.
2. దాన్ని 40 నుంచి 120 శాంపిళ్ళ దాకా వెనక్కి జరుపుతూ, ప్రతి చోటా రెండింటి గుణకాల మొత్తం కట్టండి.
3. ఆ మొత్తాన్ని, వెనక కిటికీ శక్తి వర్గమూలంతో భాగించండి. ఈ భాగహారం లేకపోతే పిచ్‌కు బదులు గట్టిగా పలికిన చోటు దొరుకుతుంది.
4. శక్తికి ఒక కనీస హద్దు పెట్టండి. పూర్తి నిశ్శబ్దంలో సున్నాతో భాగించే ప్రమాదం ఉంది.
5. మొదట ఒకటి విడిచి ఒకటి చూసి స్థూలంగా పట్టుకోండి. తర్వాత దొరికిన చోటుకు అటూ ఇటూ ఒక్కో శాంపిల్ చొప్పున చూసి ఖాయం చేయండి.

125 హెర్ట్జ్ మగ గొంతుకు ఆవృత్తి 64 శాంపిళ్ళు వస్తుంది. 210 హెర్ట్జ్ ఆడ గొంతుకు 38 రావాలి, కానీ మన కింది హద్దు 40. అప్పుడు 76 దొరుకుతుంది, అంటే రెండు ఆవృత్తులు కలిపి. కంగారుపడకండి, రెండు ఆవృత్తులను కలిపి పరిచినా మాట సాఫీగానే ఉంటుంది. హద్దును 20కి దించితేనే చిక్కు. మగ గొంతుల్లో సగం ఆవృత్తి దొరికి గొంతు కీచుగా మారుతుంది.

4.4 మొదటి అతుకు

దొరికిన ఆవృత్తిని పిచ్ అందాం, దాని పావు వంతు అతుకు పొడవు. పిచ్ 64 అయితే అతుకు 16 శాంపిళ్ళు.

1. చరిత్రలోని చివరి పావును తీసుకోండి. దానికి సరిగ్గా ఒక పిచ్ వెనక ఉన్న పావును కూడా తీసుకోండి.
2. మొదటిది 1 నుంచి 0కి తగ్గుతూ, రెండోది 0 నుంచి 1కి పెరుగుతూ రెండింటినీ కలపండి.
3. ఆ ఫలితాన్ని చరిత్ర చివర పెట్టండి. ఇంకా వినిపించని 30 శాంపిళ్ళలో ఇదే బయటికి వెళుతుంది.
4. ఇప్పుడు చివరి పిచ్ పొడవును తీసి, 80 శాంపిళ్ళు నిండేదాకా మళ్ళీ మళ్ళీ పరచండి.

మూడో అడుగు వల్ల ఆవృత్తి చివర, దాని మొదలు ఒకదానికొకటి సరిపోతాయి. పరిచిన ప్రతి కీలు దగ్గరా టిక్ రాకుండా ఆపేది ఇదే.

సరళ రేఖలో తగ్గిస్తూ పెంచుతూ కలపడం పిచ్ ఉన్న ధ్వనులకు బాగుంటుంది, రెండు ముక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి. సకారం, ఫ్యాన్ రొద లాంటి పోలిక లేని ముక్కలను అలా కలిపితే మధ్యలో శక్తి సగానికి, అంటే 3 డెసిబెల్స్ పడుతుంది. అక్కడ సైన్, కొసైన్ వంపులు వాడండి.

4.5 నష్టం పొడవైతే

10 మి.సె. దాటాక అదే ఆవృత్తిని తిప్పుతుంటే తుమ్మెద రొద మొదలవుతుంది. అందుకే:

- 10 మి.సె. దగ్గర: చివరి రెండు ఆవృత్తులను కలిపి పరచండి.
- 20 మి.సె. దగ్గర: మూడు ఆవృత్తులు. ఆపైన పెంచొద్దు.
- ప్రతి మార్పు దగ్గరా పావు పిచ్ అతుకు తప్పనిసరి.

శబ్దం తగ్గింపు కూడా 10 మి.సె. తర్వాతే మొదలుపెట్టండి. ప్రతి 10 మి.సె.కు 20 శాతం, అంటే శాంపిల్‌కు 0.0025 చొప్పున సాఫీగా దిగాలి. 60 మి.సె. దగ్గర సున్నా అవుతుంది. ఫ్రేమ్‌కు ఒక్కసారి మెట్టులా దించకండి, ఆ మెట్టు చెవికి తెలుస్తుంది.

60 మి.సె. దాటాక అపెండిక్స్ నిశ్శబ్దమే ఇస్తుంది. ఫ్యాన్ ఉన్న రికార్డింగులో ఇది "కాల్ కట్ అయిందా?" అనిపిస్తుంది. అక్కడ నెమ్మదైన కంఫర్ట్ నాయిస్ కలపడం మేలు. మాటలు లేనప్పుడు వెనక శబ్దం ఎంత ఉందో నిరంతరం కొలుస్తూ ఉండి, ఆ స్థాయిలోనే ఇవ్వండి.

4.6 పిచ్ లేని ధ్వనులు

స, శ, ష పలికేటప్పుడు ఆవృత్తి ఉండదు. అయినా 4.3లో ఏదో ఒకటి దొరుకుతుంది, దాన్ని పరిస్తే సకారం జుమ్మంటుంది. అపెండిక్స్ దీన్ని వేరుగా చూడదు, మీరు చూడండి. రెండు కిటికీల శక్తితోనూ భాగించిన పోలిక 0.5 కంటే తక్కువైతే, దొరికిన పిచ్ పక్కనపెట్టి 120 శాంపిళ్ళ ముక్కనే వాడండి. 0.5 అన్నది మొదలెట్టడానికి ఒక అంకె, మీ రికార్డింగుల మీద విని సర్దుకోండి.

4.7 మంచి ప్యాకెట్ వచ్చాక

అసలు మాట రాగానే నేరుగా దాంట్లోకి దూకకండి. కృత్రిమ ధ్వనిని ఇంకొంచెం ముందుకు సాగదీసి, వచ్చిన దాని మొదలుతో కలపండి. 10 మి.సె. నష్టానికి పావు పిచ్ చాలు. ఆపైన ప్రతి 10 మి.సె.కు 4 మి.సె. చొప్పున అతుకు పెంచండి, గరిష్ఠం 10 మి.సె. ఎక్కువసేపు పోయినప్పుడు రెండింటి మధ్య పోలిక తగ్గుతుంది, అందుకే పొడవైన అతుకు.

ఈ రెండో అతుకును మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. తరంగరూపంలో చూస్తే ఖాళీ మొదలు నున్నగా, చివర గోడలా ఉంటుంది.

5. జీ.729, ఏఎంఆర్: ధ్వని కంటే స్థితి ముఖ్యం

ఈ కోడెక్‌లలో ప్రతి ఫ్రేమ్ వెనకటి ఫ్రేమ్ మీద ఆధారపడుతుంది. ఒక ఫ్రేమ్ పోతే దాని తర్వాతవి కూడా కొంతసేపు వంకరగా వస్తాయి. కాబట్టి డీకోడర్ బయట సెక్షన్ 4 పద్ధతి అతికించి, లోపలి స్థితిని ముట్టకుండా వదిలేయడం పెద్ద తప్పు. నష్టం జరిగిందని డీకోడర్‌కే చెప్పాలి.

జీ.729 లోపల పోయిన ఫ్రేమ్‌కు జరిగేది:

1. స్వర మార్గాన్ని చెప్పే ఫిల్టర్ గుణకాలు వెనకటి ఫ్రేమ్‌వే మళ్ళీ వాడుతుంది.
2. అడాప్టివ్ కోడ్‌బుక్ (వెనకటి ఆవృత్తిని తిరిగి ఇచ్చే భాగం) గెయిన్‌ను, అంటే బలాన్ని, 0.9తో, ఫిక్స్‌డ్ కోడ్‌బుక్ (కొత్త ధ్వనిని కలిపే భాగం) గెయిన్‌ను 0.98తో గుణిస్తూ తగ్గిస్తుంది.
3. పిచ్ ఆలస్యాన్ని ప్రతి సబ్‌ఫ్రేమ్‌కూ ఒకటి చొప్పున పెంచుతుంది, 143 దాటనివ్వదు. తుమ్మెద రొద రాకుండా ఇది ఇంకో ఉపాయం.
4. వెనకటి మంచి ఫ్రేమ్‌లో ఆవృత్తి ఉంటే అడాప్టివ్ భాగం మాత్రమే, లేకపోతే యాదృచ్ఛిక ఫిక్స్‌డ్ భాగం మాత్రమే వాడుతుంది.
5. గెయిన్‌ను ముందుగా ఊహించే జ్ఞాపకాన్ని కూడా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది.

ఐదోది సొంతంగా రాసేవాళ్ళు వదిలేస్తుంటారు. అప్పుడు నష్టం తర్వాతి మొదటి మంచి ఫ్రేమ్ అరిచినట్టు వస్తుంది. ఏఎంఆర్‌లో దీనికి ఇంకో కాపు కూడా ఉంది: నష్టం తర్వాత వచ్చిన మొదటి మంచి ఫ్రేమ్ గెయిన్, అంతకుముందు సరిగ్గా అందిన విలువను దాటకుండా చూస్తుంది. వరుసగా ఎన్ని పోయాయో 0 నుంచి 6 దాకా స్థితులతో లెక్కపెట్టుకుని, స్థితి పెరిగేకొద్దీ గట్టిగా తగ్గిస్తుంది.

ప్రామాణిక రిఫరెన్స్ కోడ్ ఉన్నచోట మీరు చేయాల్సింది చెడు ఫ్రేమ్ జెండాను సరిగ్గా ఇవ్వడమే.

6. ఓపస్: పిలిచే వరుసే అసలు పని

2012 ఆర్‌ఎఫ్‌సీ 6716 ఓపస్‌లో పీఎల్‌సీ లోపలే ఉంది. మీరు పాడుచేయగలిగేది పిలిచే వరుసను.

ఒక ప్యాకెట్ పోయి, దాని తర్వాతిది బఫర్‌లో ఉంటే:

1. తర్వాతి ప్యాకెట్ డేటానే ఇచ్చి, ఎఫ్‌ఈసీ (ప్రతి ప్యాకెట్‌లో వెనకటి ఫ్రేమ్ కాపీని కూడా పంపే ఏర్పాటు) జెండా 1 పెట్టి డీకోడ్ చేయండి. పోయిన ఫ్రేమ్ కొంచెం తక్కువ నాణ్యతతో వస్తుంది.
2. అదే ప్యాకెట్‌ను జెండా 0తో మళ్ళీ డీకోడ్ చేయండి.

వరుస తిరగబడితే డీకోడర్ స్థితి చెడి మాట వెనక్కి ముందుకు గెంతుతుంది.

తర్వాతిది కూడా లేకపోతే డేటా పాయింటర్ నల్, పొడవు 0 ఇచ్చి పిలవండి. మూడు పోయి నాలుగోది వస్తే: మొదటి రెండింటికి నల్, మూడోదానికి నాలుగో ప్యాకెట్‌తో ఎఫ్‌ఈసీ, ఆ తర్వాత నాలుగోది మామూలుగా.

ఫ్రేమ్ సైజు దగ్గర జాగ్రత్త. మామూలు డీకోడ్‌లో అది బఫర్‌లో ఎంత చోటుందో చెబుతుంది, కాబట్టి గరిష్ఠమైన 5760 ఇవ్వడం అలవాటు. పీఎల్‌సీలో, ఎఫ్‌ఈసీలో మాత్రం అదే పోయిన సమయం. 20 మి.సె. పోతే 960 ఇవ్వాలి. అలవాటుగా 5760 ఇస్తే 20 మి.సె. ఖాళీకి 120 మి.సె. ధ్వని తయారవుతుంది. ప్రతి నష్టంతోనూ కాల్ ఆలస్యం పెరుగుతూ పోతుంటే ముందు ఇక్కడ చూడండి.

పంపేవైపు సరిచూసుకోవాల్సినవి:

- ఇన్‌బ్యాండ్ ఎఫ్‌ఈసీ ఆన్‌లో ఉందా?
- ఆశించే నష్టం శాతం సున్నా కంటే ఎక్కువ పెట్టారా? సున్నా ఉంటే ఎఫ్‌ఈసీ ఆన్ చేసినా అదనపు కాపీ వెళ్ళదు.
- బిట్‌రేటు మరీ తక్కువగా ఉందా? కాపీకి చోటు లేకపోతే ఎన్‌కోడర్ దాన్ని వదిలేస్తుంది.
- సెల్ట్ మోడ్‌లో (ఓపస్‌లో సంగీతానికి వాడే భాగం) నడుస్తోందా? ఎఫ్‌ఈసీ మాటకు వాడే సిల్క్ భాగంలోనే ఉంది.

2024లో వచ్చిన ఓపస్ 1.5లో న్యూరల్ నెట్‌వర్క్‌తో పనిచేసే డీప్ పీఎల్‌సీ ఉంది. బిల్డ్ చేసేటప్పుడు దాన్ని ఎంచుకోవాలి, డీకోడర్ కాంప్లెక్సిటీ 5 లేదా ఎక్కువ పెట్టాలి. అదే విడుదలలోని డ్రెడ్ అనే పద్ధతి దాదాపు ఒక సెకను వెనకటి మాటను కూడా చాలా తక్కువ బిట్లలో వెంట పంపగలదు. వరుసగా ఎక్కువ పోయే చోట ఇదే నిలబడుతుంది, ఎందుకంటే అది ఊహ కాదు, అసలు పలికినదాని సారం. "అరవై"లోని మొదటి అకారం పోతే ఏ పీఎల్‌సీ అయినా ఊహించడమే చేస్తుంది. అది తిరిగి కావాలంటే అవతలివైపు నుంచే రావాలి.

వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లలో కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకు: అందులోని నెట్‌ఈక్యూ అనే భాగం జిట్టర్ బఫర్, పీఎల్‌సీ రెండూ కలిపి చూసుకుంటుంది. దాని ముందు మీ సొంత పీఎల్‌సీ పెట్టొద్దు. నష్టమే లేదని అది నమ్మితే తన పని చేయలేదు.

7. పరీక్షించడం

7.1 నష్టాన్ని గుంపులుగా పెట్టండి

విడివిడిగా యాదృచ్ఛికంగా పోయే ప్యాకెట్ల మీద ఏ పీఎల్‌సీ అయినా బాగానే కనిపిస్తుంది. వైఫై, మొబైల్ నెట్‌వర్కుల్లో నష్టం గుంపులుగా వస్తుంది. దానికి గిల్బర్ట్ నమూనా వాడండి: మంచి స్థితి, చెడు స్థితి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే సంభావ్యతలు రెండు.

మొత్తం నష్టం 5 శాతం, సగటు గుంపు 2 ప్యాకెట్లు కావాలంటే: చెడు నుంచి మంచికి 0.5, మంచి నుంచి చెడుకు 0.026. సగటు గుంపు 4 కావాలంటే 0.25, 0.013. ఈ రెండూ, విడివిడి 5 శాతం, మొత్తం మూడు లాస్ ఫైళ్ళు తయారుచేసుకుని అన్ని రికార్డింగుల మీదా నడపండి.

నెట్‌వర్క్ మీదే పెట్టాలంటే, కావాలని ప్యాకెట్లు పోగొట్టడానికి లైనక్స్‌లో టీసీ, నెటెమ్ ఉన్నాయి. నెటెమ్ మామూలుగా బయటికి వెళ్ళే ప్యాకెట్ల మీదే పనిచేస్తుంది. వినేవైపు మెషీన్‌లో పెట్టి "నష్టమే రావట్లేదు" అనుకోకండి, పంపేవైపు గానీ మధ్య రౌటర్‌లో గానీ పెట్టండి.

7.2 దారిలో పరీక్ష

బెంగళూరులో దీనికి మంచి దారి నమ్మ మెట్రో పర్పుల్ లైను. బయ్యప్పనహళ్ళి నుంచి ఎంజీ రోడ్ దాకా పైన వెళ్ళి, కబ్బన్ పార్క్ నుంచి మెజెస్టిక్ దాటి సిటీ రైల్వే స్టేషన్ దాకా భూమి కింద నడుస్తుంది. దిగే చోటా, ఎక్కే చోటా ఫోన్ ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు మారుతుంది. ఆ మార్పుల దగ్గర వచ్చిన ప్యాకెట్ల సీక్వెన్స్, టైమ్‌స్టాంప్, వచ్చిన సమయం లాగ్ చేసుకుని, ఇంటికి వచ్చాక దాన్నే లాస్ ఫైలుగా మార్చి వాడండి. మళ్ళీ మళ్ళీ రైలెక్కే పని ఉండదు. అవతలివాళ్ళ మాట రికార్డు చేయనక్కర్లేదు, హెడర్లు చాలు.

7.3 వినడం

మాట నాణ్యతకు కంప్యూటరే మార్కులు వేసే పెస్క్ (పీ.862), పోల్కా (పీ.863) లాంటి కొలతలు వెర్షన్ల మధ్య పోలికకు పనికొస్తాయి. కానీ అవి గుడి గుడ్డిగా మారిందో లేదో చెప్పవు. దానికి మనిషి కావాలి.

- సెక్షన్ 1లోని జంటల్లో ఒక మాటను నష్టంతో వినిపించండి.
- వినేవాళ్ళు ఆ జంటలోని రెండు మాటల్లో ఏది విన్నారో ఎంచాలి. వాళ్ళకు ఈ పని గురించి ముందు తెలియకూడదు.
- నష్టాన్ని మాటలో మూడు చోట్ల పెట్టి చూడండి: మొదటి అచ్చు, ఒత్తు, చివరి అచ్చు.
- సున్నాలు పెట్టిన వెర్షన్‌ను కూడా మధ్యలో కలపండి. ఒత్తు దగ్గర సున్నాల వెర్షన్ మీ పీఎల్‌సీని ఓడిస్తే, అచ్చును మరీ ఎక్కువసేపు సాగదీస్తున్నారని అర్థం.

8. వినబడే లోపం, దాని కారణం

ఖాళీ మొదట్లో టిక్: 30 శాంపిళ్ళ ఆలస్యం తీసేశారు, లేదా అతికిన పావును అవుట్‌పుట్‌లోకి తిరిగి రాయలేదు.

ఖాళీ చివర టిక్: 4.7 లేదు.

లోహపు రొద, రోబో గొంతు: ఒకే ఆవృత్తి 10 మి.సె. దాటి తిరుగుతోంది. లేదా పోలిక తక్కువ ఉన్నచోట కూడా పిచ్ వాడుతున్నారు.

మాట తర్వాత పొడవైన తోక: టైమ్‌స్టాంప్ గెంతును నష్టంగా లెక్కపెట్టారు.

నష్టం తర్వాత ఒక్కసారి గట్టిగా అరుపు: కోడెక్ గెయిన్ జ్ఞాపకం తగ్గలేదు, లేదా మంచి ఫ్రేమ్ గెయిన్‌కు హద్దు లేదు.

కాల్ సాగేకొద్దీ ఆలస్యం పెరగడం: పోయినదానికంటే ఎక్కువ శాంపిళ్ళు తయారవుతున్నాయి. లేదా పీఎల్‌సీ నింపేశాక ఆలస్యంగా వచ్చిన అసలు ప్యాకెట్‌ను కూడా వినిపిస్తున్నారు. ఒక సమయానికి ఒకసారి నింపితే ఆ సమయం అయిపోయినట్టే, తర్వాత వచ్చినదాన్ని పారేయండి.

నష్టం వచ్చినప్పుడల్లా అవతలివాళ్ళకు ప్రతిధ్వని: ఎకో క్యాన్సలర్‌కు (మైకులో పడిన స్పీకర్ ధ్వనిని తీసేసే భాగం) పీఎల్‌సీకి ముందున్న ధ్వనిని ఇస్తున్నారు. స్పీకర్‌లోంచి నిజంగా వచ్చేదే, అంటే పీఎల్‌సీ తర్వాతి ధ్వనే దానికి వెళ్ళాలి. ఈ తప్పు వినేవైపు అసలు తెలియదు కాబట్టి నెలల తరబడి దొరకదు.

9. విడుదలకు ముందు సరిచూసే జాబితా

- 65535 నుంచి 0కి దాటే చోట నష్టం పెట్టి చూశారా?
- కాల్ మొట్టమొదటి ప్యాకెట్టే పోతే? చరిత్ర బఫర్ ఖాళీగా ఉన్నప్పుడు పీఎల్‌సీ నిశ్శబ్దం ఇవ్వాలి, చెత్త కాదు.
- 10, 20, 40, 60, 200 మి.సె. నష్టాలు ఒక్కొక్కటి విడిగా విన్నారా?
- నష్టం, ఒక మంచి ఫ్రేమ్, మళ్ళీ నష్టం అనే వరుసలో రెండో అతుకు పూర్తయ్యేలోపే మొదటి అతుకు అవసరమవుతుంది. దాన్ని తరంగరూపంలో చూశారా?
- కాల్ చివర, వినిపించిన మొత్తం శాంపిళ్ళు గడిచిన సమయానికి సరిపోతున్నాయా?
- కూడిన తర్వాత 16 బిట్ల హద్దు దాటకుండా కత్తిరిస్తున్నారా?
- రానివి, ఆలస్యమైనవి, ఎఫ్‌ఈసీతో తిరిగొచ్చినవి, పీఎల్‌సీతో కప్పినవి, ఈ నాలుగు లెక్కలూ లాగ్‌లో వేరువేరుగా వెళుతున్నాయా?
- నాసిరకం ఫోన్‌లో డీప్ పీఎల్‌సీ నడిపితే ఒక్కో 10 మి.సె. ధ్వనికి ఎంత సమయం పడుతోందో కొలిచారా? గడువు దాటితే పీఎల్‌సీయే కొత్త ఖాళీలు పుట్టిస్తుంది. అలాంటి ఫోన్లలో కాంప్లెక్సిటీని 5 కంటే దించి, మామూలు పీఎల్‌సీతో నడపండి.